పాత పోకర్ చిప్: అంచు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

అమెరికాలో పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు ఇంటి సామానంతా బయటపెట్టి అమ్మేస్తుంటారు. గడియారాలు, పింగాణీ పళ్లేల మధ్య ఒక్కోసారి ఓ చెక్కపెట్టె కనబడుతుంది. మూత తీస్తే రంగురంగుల బిళ్లలు దొంతరలుగా పేర్చి ఉంటాయి. ఒక్కోటీ నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పు. ఇవి పోకర్ చిప్స్ (పేకాటలో డబ్బుకు బదులు పందెంలో పెట్టే బిళ్లలు). అక్కడ స్థిరపడిన మనవాళ్ల చేతికీ ఇలాంటి పెట్టెలు అప్పుడప్పుడు వస్తుంటాయి. ఇవి ఎవరు చేశారు, ఏ కాసినోవి, ఏమైనా ధర పలుకుతాయా అన్నవి వెంటనే పుట్టే ప్రశ్నలు. మొదటి ప్రశ్నకు జవాబు చాలాసార్లు చిప్ అంచున ఉంటుంది. రెండో ప్రశ్నకు మాత్రం అంచు సాధారణంగా జవాబు చెప్పదు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే కొనేవాళ్లు ఎక్కువగా నష్టపోతుంటారు.

అంచు అంటే ఇక్కడ చిప్ పక్కవైపు కాదు. పైన, కింద ముఖాల మీద చుట్టూరా సన్నటి పట్టీలా నడిచే ముద్ర. ఇటుక మీద బట్టీవాళ్లు వేసే అక్షరాల లాంటిదది. ఆ అక్షరాలను బట్టి ఇటుక ఏ బట్టీలో కాలిందో చెప్పొచ్చు గానీ, ఎవరి గోడలో ఉందో చెప్పలేం. చిప్ అంచు ముద్ర కూడా తయారీదారు గుర్తు. వాడిన క్లబ్బు పేరు ఉంటే మధ్యలో ఉంటుంది.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే చిప్ తయారయ్యే తీరు చూడాలి. వీటిని మట్టి చిప్స్ అంటారు గానీ ఉత్త మట్టితో చిప్ నిలవదు. 1880ల నుంచి అమెరికాలో బంకమట్టి, ఇతర ఖనిజాల పొడి, షెల్లాక్ (శుద్ధి చేసిన లక్క) కలిపి వీటిని చేయడం మొదలైంది. లక్క వేడికి మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులను కూడా లక్క, ఖనిజాల పొడి కలిపి ఇదే సూత్రం మీద నొక్కి తీసేవారు. ఆ రోజుల్లో ప్రపంచం వాడిన లక్కలో అత్యధిక భాగం మన దేశపు అడవుల నుంచే వెళ్లేది. ఇప్పటి చిప్స్‌లో లక్క లేదు. దాని స్థానంలో వేరే బంధక పదార్థాలొచ్చాయి. నొక్కే పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు.

ముందు ముద్దను రేకుగా సాగదీస్తారు. దాంట్లోంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు. బిళ్ల పక్కల్లో కొన్ని ముక్కలు తొలగించి, ఆ ఖాళీల్లో వేరే రంగు ముక్కలు అమరుస్తారు. కాసినో చిప్ పక్కన కనిపించే రంగు చారలు ఇవే. అవి రంగు పూత కాదు కనుక ఎంత అరిగినా పోవు. ఈ బిళ్లను ఉక్కు అచ్చులో పెట్టి, పైనుంచి కిందినుంచి వేడితో, భారీ ఒత్తిడితో నొక్కుతారు. అచ్చు లోపలి ముఖం మీద చుట్టూరా చెక్కిన బొమ్మల వరస రెండు వైపులా ఒకేసారి పడుతుంది. పక్కలకు పొంగి వచ్చిన పదార్థాన్ని చివర్లో చెక్కేస్తారు.

అచ్చు మధ్యభాగాన్ని మాత్రం ఖాళీగా వదులుతారు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఉక్కులో బొమ్మలు చెక్కడం ఖరీదైన పని. ఒకసారి చెక్కిన అచ్చు దశాబ్దాలు పనిచేస్తుంది. క్లబ్బు పేరు మార్చడం చవక. బంగారు రంగు రేకును వేడి ముద్రతో అద్దితే హాట్ స్టాంప్ (వేడి ముద్ర) అంటారు. పేరు ముద్రించిన కాగితపు బిళ్లను నొక్కేటప్పుడే చిప్‌లో కలిపేస్తే ఇన్లే (పొదుగు) అంటారు. ఈ విధంగా ఒకే అంచుతో ఒక కంపెనీ వందలాది క్లబ్బులకు చిప్స్ అందించగలిగింది.

అంచు ముద్రకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. జూదగృహం ఎప్పుడూ భయపడేది ఒకదానికే: ఎవరో బజారులో చవక బిళ్లలు కొని, తమ బల్ల మీద పెట్టి డబ్బు అడుగుతారేమోనని. సామాన్యుడికి దొరకని అచ్చుతో చిప్స్ చేయించుకుంటే ఆ భయం కొంత తగ్గుతుంది. కాబట్టి తయారీదారులు తమ అంచును ట్రేడ్‌మార్కులా కాపాడుకున్నారు. ఈ జాగ్రత్తే ఇప్పుడు మనకు ఆధారమైంది.

అచ్చులకు కంపెనీలు పెట్టిన పేర్లు ఏవైనా, వాడుకలో నిలిచినవి సేకరించేవాళ్లు పెట్టుకున్న పేర్లే. కనిపించిన బొమ్మే పేరు. లాస్ ఏంజెలెస్‌లోని టీఆర్ కింగ్ కంపెనీ చిప్స్ మీద కిరీటాల వరస ఉంటుంది. ఇంటిపేరు కింగ్ కాబట్టి కిరీటం పెట్టుకున్నారని అనుకుంటే తప్పేం లేదు. వాటిలో చిన్న కిరీటం, పెద్ద కిరీటం అని రెండు రకాలు. లాస్ వేగాస్‌లో పాల్ ఎండీ 1963లో స్థాపించిన పాల్‌సన్ కంపెనీది 'టోపీ-కర్ర' అచ్చు. పాతకాలపు దొరలు పెట్టుకునే పొడవాటి గొట్టం టోపీ, దాని పక్కన వంకీ చేతికర్ర, మళ్లీ టోపీ, మళ్లీ కర్ర. 20వ శతాబ్దం చివరి భాగంలో అమెరికన్ కాసినో చిప్ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. పాల్‌సన్ 2002లో బడ్ జోన్స్ అనే మరో అమెరికన్ కంపెనీతోను, ఫ్రాన్స్‌లోని బూర్గోన్ ఎ గ్రాసే కంపెనీతోను కలిసిపోయింది. ఆ సంస్థే తర్వాత గేమింగ్ పార్ట్‌నర్స్ ఇంటర్నేషనల్ అయింది. 2019లో జపాన్‌కు చెందిన ఏంజెల్ దాన్ని కొన్నది. యజమానులు ఇంతమంది మారినా టోపీ-కర్ర మారలేదు.

ఇవి కాక గుర్రం తలలున్నవి, వజ్రాలూ చదరాలూ కలిసి నడిచేవి, వృత్తాలూ చదరాలూ ఉన్నవి, వంకరటింకర గీతలున్నవి ఇంకా చాలా ఉన్నాయి. ధరల పుస్తకాల్లో వీటిని పొడి అక్షరాలతో రాస్తారు. గుర్రం తల కుడివైపు తిరిగితే హెచ్‌హెచ్‌ఆర్, ఎడమవైపు తిరిగితే హెచ్‌హెచ్‌ఎల్. ఈ రెండూ వేర్వేరు అచ్చులు. ఫోన్‌లో తీసిన ఫొటో అద్దంలో చూసినట్టు తిరగబడితే గుర్రం కూడా తిరగబడుతుంది. అందుకని ఆన్‌లైన్‌లో ఫొటో చూసేటప్పుడు ముందు మధ్యలోని అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఇప్పుడు ఒక చిప్‌ను దగ్గరగా చూద్దాం. టోపీ-కర్ర అచ్చుదే అనుకుందాం, బాగా అరిగింది. నేరుగా దీపం కింద పెడితే అంచు నున్నగా, ఏమీ లేనట్టు ఉంటుంది. గదిలో వెలుతురు తగ్గించి, టార్చిని బల్లకు ఆనించి చిప్ పక్కనుంచి కాంతి పడేలా పెట్టండి. మెల్లగా తిప్పండి. ముద్ర లోతున్న చోట సన్నటి నీడ పడుతుంది. ముందు టోపీ అడుగు అంచు ఒక గీతలా తేలుతుంది, తర్వాత దాని గొట్టం. కర్ర వంకీ లాంటి సన్న గీతలు ముందుగా అరిగిపోతాయి కాబట్టి చాలాసార్లు కర్రలో నిటారు భాగమే మిగులుతుంది. ఒకే చోట ఆగిపోకుండా చుట్టూ తిప్పుతూ చూస్తే, ఒక బొమ్మలో పోయిన భాగం మరో బొమ్మలో మిగిలి ఉంటుంది. పది రెట్లు పెంచి చూపే భూతద్దం ఇందుకు చాలు. అప్పటికీ తేలకపోతే పల్చటి కాగితం పరిచి మెత్తటి పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దండి. కంటికి కనబడనిది కాగితం మీదికి ఎక్కుతుంది.

చూడాల్సింది బొమ్మ ఏమిటన్నది మాత్రమే కాదు. బొమ్మలు ఎన్ని, వాటి మధ్య ఎడం ఎంత, వాటి అడుగు చిప్ మధ్యవైపుందా బయటివైపుందా, ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయి అన్నవీ చూడాలి. టోపీ-కర్రలోనే అమరిక తారుమారైన రకాలున్నాయి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు 'టోపీ కనబడింది, పాల్‌సన్ కాసినో చిప్ దొరికింది' అని, మిగతావి చూడకుండానే సంబరపడేది ఇక్కడే.

ఇంకో పొరపాటు అంతకంటే మామూలుది. 2003 తర్వాత అమెరికాలో పోకర్ మోజు ఒక్కసారిగా పెరిగింది. ఇళ్లలో ఆడుకోవడానికి చైనాలో తయారైన ప్లాస్టిక్ చిప్స్ లక్షల్లో వచ్చాయి. వాటి అంచున పాచికలో, ఇస్పేటు, ఆఠీన్ గుర్తులో ఉంటాయి. చేతికి బరువుగా, ఖరీదుగా తోస్తాయి. వీటిలో ఎక్కువగా కనిపించేవి 11.5 గ్రాములుంటాయి. ఆ బరువుకు కారణం లోపల దాచిన లోహపు బిళ్ల. అసలైన కాసినో మట్టి చిప్ సాధారణంగా పది గ్రాముల లోపో, ఆ చుట్టుపక్కలో ఉంటుంది. బరువెక్కువైతే మంచి చిప్ అనే నమ్మకం సినిమాల్లోంచి వచ్చిందేమో గానీ, వస్తువు మాత్రం దానికి ఒప్పుకోదు. వంటింటి త్రాసు మీద పెట్టి చూస్తే సగం సందేహం తీరిపోతుంది.

అంచు ముద్ర అసలే లేని పాత చిప్స్ మాటేమిటి? అంచు లేదని వాటిని తీసి పారేయకూడదు. అవి ఇంకా పాతవి కావచ్చు. 1880ల నుంచి 1930ల దాకా వచ్చిన మట్టి చిప్స్‌లో చాలావాటికి మధ్యలో బొమ్మే గుర్తు. గద్ద, గుడ్లగూబ, గుర్రపు నాడా, ఓడ, జాకీ ఇలా వందల రకాలు. గీతలు చెక్కి అందులో వేరే రంగు నింపితే చెక్కడం చిప్, తెల్లటి బొమ్మను బిళ్లలోకి పొదిగితే పొదుగు చిప్. డేల్ సీమోర్ అనే రచయిత 1980ల్లో పాత జూదపు చిప్స్ మీద తెచ్చిన పుస్తకంలో ఒక్కో బొమ్మకు ఒక్కో కోడ్ ఇచ్చారు. ఇప్పటికీ వేలం జాబితాల్లో ఆ కోడ్‌లే చెలామణి అవుతున్నాయి. వీటిలో స్వస్తిక్ గుర్తున్న చిప్స్ కనబడితే కంగారు పడనక్కర్లేదు. నాజీలు దాన్ని చేపట్టక ముందు అమెరికాలో అది అదృష్ట చిహ్నంగా పోస్టుకార్డుల మీద, నగల మీద, చిప్స్ మీద విరివిగా వాడుకలో ఉండేది.

మట్టి చిప్స్ కంటే ముందు దంతంతో, ఎముకతో, ముత్యపు చిప్పతో చేసిన బిళ్లలుండేవి. ఇంగ్లండు సంపన్న కుటుంబాలు చైనాలోని కాంటన్ రేవులో తమ వంశ చిహ్నం చెక్కించి ముత్యపు చిప్ప బిళ్లలు తెప్పించుకునేవి. ఇవి అచ్చులో తీసినవి కావు, చేత్తో చెక్కినవి. దంతమా ఎముకా అన్నది భూతద్దంతో తేల్చుకోవచ్చు. ఏనుగు దంతం అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లే సన్నటి వంపు గీతలుంటాయి. ఎముకలో సన్నటి నల్లచుక్కలు, చిన్న గాట్లు ఉంటాయి. వేడి సూది గుచ్చి చూడమని కొందరు చెబుతారు. ఆ పని చేయకండి, వస్తువు పాడవుతుంది. దంతం అని తేలితే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం వ్యాపారం నిషేధం. అమెరికా కూడా 2016లో ఆఫ్రికా ఏనుగు దంతం అమ్మకాల మీద దాదాపు పూర్తి నిషేధం తెచ్చింది. జ్ఞాపకంగా ఇండియాకు తెద్దామనుకుంటే విమానాశ్రయంలో చిక్కులు తప్పవు.

మళ్లీ అంచు దగ్గరికొద్దాం. అచ్చు పాతదైతే చిప్ కూడా పాతదేనా? కాదు. ఉక్కు అచ్చు చేతులు మారుతుంది. ఒక కంపెనీ మూతపడితే మరొకరు యంత్రాలతో సహా అచ్చులు కొనుక్కుంటారు. మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌ల్యాండ్‌లో ఒకప్పుడు బర్ట్ కంపెనీ వాడిన అచ్చుల దారి ఇదే. వజ్రం-చదరం, వృత్తం-చదరం అచ్చులతో అక్కడి తరువాతి కంపెనీలు ఇటీవలి దాకా కొత్త చిప్స్ చేసి, ఇళ్లలో ఆడుకునేవాళ్లకు వాళ్ల పేర్లతోనే అమ్మాయి. అందులో మోసమేమీ లేదు. కానీ అంచు ఒక్కటే చూసి కాలం కడితే మాత్రం అరవై డెబ్బై ఏళ్లు తేడా రావచ్చు.

మోసం మరోచోట ఉంది. పాత అచ్చుతో తీసిన, మధ్యలో ఏ పేరూ లేని ఖాళీ చిప్స్ ఇప్పటికీ దొరుకుతాయి. వాటి మీద ఎప్పుడో మూతబడ్డ కాసినో పేరు వేడి ముద్రతో అద్దేస్తే చాలు. అంచు నిజం, మట్టి నిజం, పేరు అబద్ధం. అంచును గుర్తుపట్టడం మాత్రమే నేర్చుకున్నవాడు ఈ వలలో మరింత సులువుగా పడతాడు. అంచు సరిపోయింది కదా అని మధ్యభాగాన్ని నమ్మేస్తాడు.

దీన్ని పట్టుకోవడానికి అరుగుదలను చదవాలి. చిప్ అంతా ఒకే వయసుతో అరగాలి. అంచున ముద్ర సగం పోయి, మధ్యలో బంగారు అక్షరాలు మాత్రం నిన్న వేసినట్టు మెరుస్తుంటే అనుమానించాలి. అక్షరం మీద పాత గీత ఉందా, గీత మీద అక్షరం ఉందా చూడాలి. గీతను దాటుకుంటూ రేకు పరుచుకుని ఉంటే ఆ గీత పడ్డాకే పేరు వేశారని అర్థం. పొదుగు చిప్ అయితే గోటిని మధ్య నుంచి బయటికి జరపండి. అచ్చులో నొక్కిన కాగితం మట్టితో సమంగా ఉంటుంది. అతికించిన స్టిక్కర్ దగ్గర గోరు ఆగుతుంది. ఇంకో చిన్న పరీక్ష నోట్ల తనిఖీకి వాడే అతినీలలోహిత దీపం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే కాగితంలో తెల్లదనం పెంచే రసాయనాలు కలపడం మామూలైంది. 1930ల చిప్ అని చెప్పినదాని కాగితం ఆ దీపం కింద నీలంగా వెలిగిపోతుంటే ఆ మాట నిలబడదు.

ఈ మోసాలు గిట్టుబాటు కావడానికి కారణం అమెరికా చట్టాల్లో ఉంది. నెవాడా రాష్ట్రం 1931 మార్చిలో జూదాన్ని చట్టబద్ధం చేసింది. అక్కడి నిబంధనల ప్రకారం వాడుక ఆపేసిన చిప్స్‌ను కాసినోలు వెనక్కి తీసుకుని నాశనం చేయాలి. కాబట్టి మూతబడ్డ కాసినో చిప్స్‌లో బయట మిగిలినవి చాలావరకు ఆటగాళ్లు జేబులో వేసుకుపోయినవే. సరుకు అంత తక్కువ. అడిగేవాళ్లు ఎక్కువ. ఆన్‌లైన్ వేలం వచ్చాక ప్రపంచంలో ఏ మూలనుంచైనా పాడుకోవచ్చు. ముఖవిలువ ఐదు డాలర్లున్న అరుదైన చిప్ వేల డాలర్లు పలకడం ఇందుకే. ఈ ధరలు విని మురిసిపోయేవాళ్లకు ఒక మాట: మామూలు పెట్టెల్లో దొరికే చిప్స్‌లో నూటికి తొంభైపైగా ఇళ్లలో ఆడుకున్నవేనని అనుకుని మొదలుపెట్టడం ఆరోగ్యకరం.

నెవాడా బయట కథ వేరు. కెంటకీలోని న్యూపోర్ట్, ఆర్కాన్సాలోని హాట్ స్ప్రింగ్స్, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ లాంటి చోట్ల చట్టానికి విరుద్ధంగా క్లబ్బులు బాహాటంగానే నడిచేవి. వాళ్లు చిప్స్ మీద పూర్తి పేరు ఎందుకు వేయించుకుంటారు? పోలీసులకు సాక్ష్యం అందించినట్టవుతుంది. రెండు మూడు పొడి అక్షరాలతో సరిపెట్టేవారు. ఇలాంటి చిప్‌ను గుర్తించడంలో అంచు అసలైన సాయం చేస్తుంది. అంచు తయారీదారును చెబుతుంది. మేసన్, హంట్ లాంటి కొన్ని కంపెనీల ఆర్డరు కార్డులు అదృష్టవశాత్తూ మిగిలాయి. అందులో అచ్చు రకం, రంగులు, వేయాల్సిన అక్షరాలు, ఎన్ని చిప్స్, ఏ తేదీన ఏ ఊరికి పంపారు అన్నవి రాసి ఉంటాయి. కొన్నిసార్లు చిరునామా ఏ చుట్టల కొట్టుదో అయి ఉంటుంది. చిప్‌ను కార్డుతో జత చేస్తే, ఎవరికీ తెలియని మూడు అక్షరాలు ఫలానా ఊళ్లో ఫలానా మనిషి నడిపిన క్లబ్బుగా తేలతాయి. నా మటుకు ఈ వ్యాపకంలో అన్నిటికంటే విలువైన పని ఇదే. నెవాడా చిప్ తన పేరు తానే చెప్పుకుంటుంది. దీన్ని మాత్రం వెతికి పట్టుకోవాలి. అంచును తప్పుగా చదివితే వెళ్లి వెతికేది వేరే కంపెనీ కార్డుల్లో. అలా పుట్టిన తప్పుడు గుర్తింపులు ఒక వేలం జాబితా నుంచి మరో జాబితాకు పాకుతూ పోతాయి.

చివరగా ఇంట్లో పెట్టె ఉన్నవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. చిప్స్‌ను శానిటైజర్‌తోనో స్పిరిట్‌తోనో తుడవకండి, లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. వేడినీళ్లలో నానబెట్టకండి. పొడి మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. కొన్ని పాత కాసినో చిప్స్ మిశ్రమంలో సీసం ఉండేది కాబట్టి పట్టుకున్నాక చేతులు కడుక్కోండి, చిన్నపిల్లల నోటికి అందనివ్వకండి. ఫొటో తీస్తే మూడు తీయండి: నేరుగా ఒకటి, పక్కకాంతిలో అంచుది ఒకటి, దొంతరగా పేర్చి పక్క చారలవి ఒకటి. అన్నిటికంటే ముఖ్యం, బిళ్లలు ఉంచుకుని ఆ పాత పెట్టెను పారేయకండి. దాని అడుగున అతికించిన దుకాణం చీటీ, లోపల మడిచిపెట్టిన పాత రసీదు, మూత మీద చెక్కిన పేరు, వీటిలో ఏదున్నా చిప్స్‌తోనే ఉంచండి. అంచు చెప్పలేని రెండో జవాబు తరచుగా ఆ చీటీలోనే దొరుకుతుంది.